ఛాయాచిత్రంలోని వంపు నుంచి ద్రవ్యవేగాన్ని కొలిచిన నా అనుభవం

అయస్కాంత క్షేత్రానికి లంబంగా కదిలే ఆవేశ కణం వృత్తాకార మార్గంలో పోతుందనీ, ఆ వృత్తం వ్యాసార్ధాన్ని క్షేత్ర తీవ్రతతోనూ కణపు ఆవేశంతోనూ గుణిస్తే ద్రవ్యవేగం వస్తుందనీ పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకుంటాయి. దాన్ని నిజమైన చిత్రం మీద చేసి చూడాలనిపించి, కార్ల్ ఆండర్సన్ 1932లో క్లౌడ్ చాంబర్‌లో (కణం పోయిన దారి ఆవిరిలో నీటి బిందువుల గీతగా కనిపించే పెట్టెలో) తీసిన పాజిట్రాన్ (ఎలక్ట్రానంత ద్రవ్యరాశీ, ధనావేశమూ ఉన్న కణం) ఛాయాచిత్రాన్ని ఎంచుకున్నాను. క్షేత్రం 15,000 గాస్, అంటే 1.5 టెస్లా అని తెలుసు; చాంబర్ మధ్యలో అడ్డంగా ఉన్న సీసపు పలక మందం 6 మిల్లీమీటర్లు కాబట్టి కొలబద్ద కూడా చిత్రంలోనే ఉంది.

లెక్క చాలా చిన్నది. టెస్లాలలో క్షేత్రాన్నీ సెంటీమీటర్లలో వ్యాసార్ధాన్నీ గుణించి మూడు రెట్లు చేస్తే, ఎలక్ట్రానంత ఆవేశమున్న కణపు ద్రవ్యవేగం మెగా ఎలక్ట్రాన్ వోల్టులను కాంతివేగంతో భాగించిన ప్రమాణంలో వస్తుంది. శ్రమంతా వ్యాసార్ధం దగ్గరే ఉంది. గీత చిన్న చాపం మాత్రమే కావడంతో కంటికి ఎన్నో వృత్తాలు సరిపోయినట్లే కనిపిస్తాయి. అందుచేత కేంద్రాన్ని వెతకకుండా, చాపం రెండు కొనలను కలిపే జ్యా పొడవునూ, జ్యా మధ్య నుంచి చాపం దాకా ఉన్న ఎత్తునూ కొలిచాను. జ్యా వర్గాన్ని ఎత్తుకు ఎనిమిది రెట్లతో భాగించి, ఎత్తులో సగం కలిపితే వ్యాసార్ధం తేలుతుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది: కణం ఎంత వేగంగా పోతే ఆ ఎత్తు అంత తగ్గిపోతుంది. ఆండర్సన్ ఇచ్చిన విలువలు మెగా ఎలక్ట్రాన్ వోల్టులలో పలకకు కింద 63, పైన 23. వాటి ప్రకారం వ్యాసార్ధాలు సుమారు 14, 5 సెంటీమీటర్లు. నాలుగు సెంటీమీటర్ల జ్యా తీసుకుంటే పైగీతకు ఎత్తు 4 మిల్లీమీటర్లుంటుంది గానీ, కిందిగీతకు దాదాపు 1.4 మాత్రమే, అక్కడ మిల్లీమీటరులో పదో వంతు తేడా ద్రవ్యవేగాన్ని ఏడు శాతం మార్చేస్తుంది. నీటి బిందువుల వరుస వెడల్పే అంతకు మించి ఉంటుంది కాబట్టి, గీత అంచును వదిలి నడిమి రేఖను పట్టుకుని చాలాసార్లు కొలిచి సగటు తీశాను. పలక అంచులు కూడా మసకగానే ఉన్నాయి. స్కేలులో వచ్చే దోషం అదే నిష్పత్తిలో ఫలితంలోకి చేరుతుంది గనుక మందాన్నీ వేర్వేరు చోట్ల కొలిచాను.

అసలు రుచి దిశ దగ్గర తెలిసింది. సీసం గుండా వెళ్లిన కణం శక్తిని కోల్పోతుందే తప్ప పొందదు కనుక, వంపు ఎక్కువైన పైభాగమే తర్వాతిది. అంటే కణం కింది నుంచి పైకి వచ్చింది, క్షేత్ర దిశను బట్టి ఆవేశం ధనాత్మకం. ప్రోటాన్ అని సరిపెట్టుకుందామంటే, పైగీత వంపుకు తగిన ప్రోటాన్ శక్తి మూడు లక్షల ఎలక్ట్రాన్ వోల్టులే అవుతుంది, అది గాలిలో సుమారు 5 మిల్లీమీటర్లలోనే ఆగిపోవాలి. చిత్రంలో ఆ గీత 5 సెంటీమీటర్లు దాటింది.