విశాఖ నుంచి అరకు దాకా: సహకార సంఘాల వెంట ఒక ప్రయాణం

విశాఖపట్నం వచ్చినవారు కైలాసగిరి ఎక్కుతారు, బీచ్ రోడ్డులో జలాంతర్గామిని చూస్తారు, సింహాద్రి అప్పన్నను దర్శించుకుంటారు. సహకార సంఘాలను చూడడానికి వచ్చేవారు అరుదు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఈ ఊళ్లో, పెట్టుబడికి లాభం తేవడం కంటే సభ్యుల అవసరం తీర్చడమే తమ పని అని చెప్పుకునే సంస్థలు ఎలా నడుస్తున్నాయో చూడాలని, మన్యంలో కాఫీ కోతలు సాగుతున్న డిసెంబరులో నేను బయలుదేరాను.

నగరంలోని విశాఖపట్నం సహకార బ్యాంకు 1916లో పుట్టింది. మన దేశంలో సహకార పరపతి సంఘాలకు తొలి చట్టం 1904లో వచ్చిందని గుర్తుచేసుకుంటే, ఇది ఎంత పాతదో తెలుస్తుంది. సహకార సంఘంలో సభ్యునికి ఎన్ని వాటాలున్నా ఓటు ఒక్కటే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది తలా ఒక పౌను చొప్పున వేసుకుని పెట్టిన సరుకుల దుకాణం ఈ నియమానికి పేరు తెచ్చింది. నియమాన్ని పుస్తకంలో రాసుకోవడం తేలికే. సర్వసభ్య సమావేశానికి సభ్యులను రప్పించడమే అన్ని సహకార సంఘాలకూ ఉన్న కష్టమని నా అభిప్రాయం.

మర్నాడు ఉదయం కిరండూల్ రైలెక్కాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన మార్గమిది. ఎగువకు వెళ్లే మా రైలును ఒక పక్కన నిలిపి, దిగువకు వచ్చే ఖనిజపు రైలుకు దారి ఇచ్చినప్పుడు, ఈ పట్టాలు ఎవరి కోసం వేశారో ఎవరూ చెప్పనక్కరలేదనిపించింది.

బొర్రా గుహల స్టేషన్ దగ్గర సగం పెట్టె ఖాళీ అయింది. గుహలు చూడడానికి దిగినవారిలో ఎందరికి తెలుసో గానీ, ఈ కొండల్లో ప్రైవేటు గనుల లీజులపై సాగిన వ్యాజ్యంలోనే 1997లో సుప్రీంకోర్టు, కేసు వేసిన స్వచ్ఛంద సంస్థ పేరిట సమత తీర్పుగా పిలిచే తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల ఏజెన్సీలో, గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదన్న నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, అక్కడి ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని అందులో తేల్చింది. సహకార భావనకు ఇక్కడ చట్టంలోనే చోటుంది: 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధనల ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనునికైనా చెందవచ్చు, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికైనా చెందవచ్చు.

అరకులో దిగి, ఆటోలో ఒక పల్లెకు వెళ్లాను. సిల్వర్ ఓక్ చెట్ల కింద, వాటిని అల్లుకున్న మిరియాల తీగల నీడలో కాఫీ మొక్కలున్నాయి. ఇక్కడి రైతుల్లో చాలామందికి ఉన్నది ఒకటి రెండు ఎకరాల తోట మాత్రమే. సంఘం అవసరం ఎందుకో ఆ తోటలోనే నాకు బాగా అర్థమైంది. ఎర్రగా పండిన కాయలను మాత్రమే ఏరి కోయాలి. కోసిన పండును వీలైనంతవరకు ఆ రోజే తొక్క తీయించాలి, లేకపోతే అది పులిసి గింజ రుచి చెడుతుంది. ఆ తర్వాత జిగురు పోయేలా నానబెట్టి, కడిగి, చాలా రోజులు ఎండబెట్టాలి. బుట్టెడు పండు కోసిన రైతుకు యంత్రం ఉండదు, దానికి సరిపడా నీళ్లుండవు, సంతకు తీసుకువెళ్లి బేరమాడే వ్యవధి ఉండదు. అందుకే పచ్చి, పండు కలిపి దూసి, ఇంటి ముందే ఎండబెట్టి, అంతకుముందే బయానా ఇచ్చిన షావుకారుకు అతను చెప్పిన ధరకు అప్పగించడం ఆనవాయితీ అయింది. పది ఊళ్ల పండు ఒకచోట చేరితేనే యంత్రం గిట్టుబాటవుతుంది, నాణ్యత నిలుస్తుంది, పెద్ద కొనుగోలుదారుతో మాట్లాడే బలం వస్తుంది.

నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో ఇక్కడి చిన్న, సన్నకారు గిరిజన రైతులు ఏర్పరచుకున్న పరస్పర సహాయక సహకార సంఘం ఈ పనే చేసింది. వారి కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది. పారిస్ పేరు వినగానే అందరూ పొంగిపోతారు గానీ, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ సంఘం నమోదైన 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అంటే మ్యాక్స్ చట్టం. అంతకుముందున్న 1964 సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వం సంఘాల్లో వాటాలు పెట్టవచ్చు, పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు. 1995 చట్టం కింద నమోదైన సంఘంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు, నియమావళి సభ్యులే రాసుకుంటారు.

ఈ తేడా తెలిసినందువల్లే గిరిజన సహకార సంస్థను నేను వేరే దృష్టితో చూశాను. 1956లో విశాఖ కేంద్రంగా ఏర్పడిన ఈ జీసీసీ తేనె, చింతపండు, కుంకుడు, శీకాయ, కరక్కాయ కొంటుంది, కాఫీ కొంటుంది, డిపోల ద్వారా నిత్యావసరాలు అందిస్తుంది. దళారుల తూకం నుంచి గిరిజనులను కాపాడడంలో దాని మేలు కాదనలేనిది. అయితే దాని మేనేజింగ్ డైరెక్టరును నియమించేది ప్రభుత్వం. పేరులో సహకారం ఉన్నా, తేనె తెచ్చిన మనిషి అక్కడ నిర్ణయాలు తీసుకునే సభ్యుడి కంటే ఎక్కువగా అమ్మకందారే.

పల్లెలో కళ్లంలో కాఫీ గింజలు తిరగేస్తున్న ఒక పెద్దావిడను, సంఘం కంటే షావుకారు ఎక్కువ ధర ఇస్తానంటే ఏం చేస్తారమ్మా అని అడిగాను. ఆమె తడుముకోలేదు. "ఇచ్చేస్తాం బాబూ, ఎందుకివ్వం? కిందటేడు సగం అతనికే ఇచ్చాను. ధర పడినేడు మాత్రం అతను ఈ కొండెక్కడు." సంఘం వారు కోప్పడలేదా అంటే, పక్కనే కూర్చుని పద్దు రాస్తున్న యువకుడు నవ్వి, కోపమెందుకని, సంఘానికి తూచి ఇచ్చిన కిలోలకే ఏడాది చివర బోనసు లెక్కగడతారని చెప్పి, ఆమె పేరు ఎదుట కిందటేడు తగ్గిన అంకెను నాకు చూపించాడు. ఆమె ఆ పద్దు వైపు ఒకసారి చూసి, ఈ యేడు పూర్తిగా ఇక్కడికేనని అంది.