వాణి వీణకు కప్పిన వస్త్రం

కిందటి ఏడాది మూలా నక్షత్రం నాడు మా విజయనగరంలోనే ఒక ఇంటికి పేరంటానికి వెళ్లాను. పీట మీద పట్టుచీర పరిచి, దాని మీద వీణను ఉంచారు. మంచి బొబ్బిలి వీణ. నాదం పలికే గుండ్రటి కుండ నిండా గంధం, కొసన చెక్కిన యాళి అనే సింహముఖం మెడలో చామంతుల దండ, తీగల మీదా వాటి కింది మెట్ల సందుల్లోనూ దోసిళ్లకొద్దీ కుంకుమ. సహస్రనామార్చన అంతా ఆ వీణ మీదే జరిగింది. హారతి అయ్యాక, "శ్రుతి చేసి ఒక్క కీర్తన వాయించుకోవచ్చా?" అని అడిగాను. ఆ ఇల్లాలు కంగారుపడి, "వద్దండీ, అది పూజకు మాత్రమే. ఎవరినీ ముట్టుకోనివ్వం" అన్నారు. కుంకుమ కింద ప్రధానమైన సారణి తీగ తుప్పు పట్టి ఉంది. పంచమం తీగ అసలే లేదు.

వారి భక్తిలో లోపం లేదు, నాకు తెలుసు. అయినా తాంబూలం పుచ్చుకుని బయటికి వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డుపడినట్లయింది. ఇంటికి వచ్చి సౌందర్యలహరి తీస్తే అరవై ఆరో శ్లోకం దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి దాన్ని దాటి ముందుకు వెళ్లలేకపోయాను.

విపంచ్యా గాయంతీ వివిధమపదానం పశుపతేః
త్వయారబ్ధే వక్తుం చలితశిరసా సాధువచనే ।
తదీయైర్మాధుర్యైరపలపితతంత్రీకలరవాం
నిజాం వీణాం వాణీ నిచులయతి చోలేన నిభృతమ్ ॥

పారాయణం చేసేవారందరికీ కంఠస్థమైన శ్లోకమే. అమ్మవారి సన్నిధిలో సరస్వతి పశుపతి లీలలను వీణ మీద పాడుతోంది. అమ్మవారు తల ఊపుతూ మెచ్చుకోలుగా ఒక మాట అనబోయింది. ఆ మాటలోని తీపి ముందు తీగల నాదం వెలవెలబోయింది. వాణి తన వీణను మెల్లగా వస్త్రంతో కప్పేసుకుంది. అమ్మవారి కంఠమాధుర్యాన్ని చెప్పే శ్లోకమని అందరూ అంటారు, నిజమే. నన్ను మాత్రం చివరి పాదం పట్టుకుంది.

నిచులయతి. ఒక్క క్రియలో ఎంత ఉందో చూడండి. వీణను కింద పెట్టిందని అనలేదు, వాయించడం మానిందని కూడా అనలేదు. ముసుగు వేస్తోంది. అంటే సరస్వతీదేవి వీణకూ ఒక ముసుగు ఉంది! మా అమ్మ వీణకు ఉన్నట్లే, ఏ వాయిద్యగాడి వీణకైనా ఉన్నట్లే. రోజూ తీసి, వాయించి, మళ్లీ కప్పే వస్తువుకే ముసుగు కావాలి. ముందు తీసి ఉంటేనే గదా కప్పడం. వాణి కప్పిన వీణ అప్పటిదాకా మోగిన వీణ. ఆ తీగల్లో వేడి ఇంకా ఆరలేదు, పక్కనుండే తాళం తీగల మీద చిటికెన వేలు ఇంకా ఆగలేదు. అంతలో తన విద్యకన్నా గొప్పదాన్ని విన్నది కనుక కప్పింది. మనం దేనిని విని కప్పాం?

ఇక నిభృతం. చప్పుడు కాకుండా, ఎదుటివారి కంట పడకుండా అని. అమ్మవారు మాట మొదలుపెట్టింది, పూర్తి కాలేదు. ఆరబ్ధే అన్నారు గదా. ఆ క్షణంలో తీగ బిగించే బిరడ కిర్రుమన్నా, తీగ టంగుమన్నా మాటకు అడ్డం వస్తుంది. సభలో పెద్ద విద్వాంసుడు పల్లవి ఎత్తుకుంటే పక్కనున్న శిష్యుడు తంబురా ఎలా సర్దుకుంటాడో చూసినవారికి ఈ మాట అర్థమవుతుంది. చదువులతల్లి అంతటిది ఆ మర్యాద పాటించింది. ఆ దృశ్యం తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

చలితశిరసా అన్న మాటకూ వీణ పట్టుకున్నవారికే తెలిసే రుచి ఒకటి ఉంది. వీణలో ఒక మెట్టు మీద వేలు నిలిపి తీగను పక్కకు లాగితే పై స్వరం పలుకుతుంది. ఆ లాగడంలోనే గమకం, ఆ గమకంలోనే రాగం ప్రాణం. వినేవారి తల ఊగేది సరిగ్గా అక్కడే. వాణి ఏ గమకం లాగితే అమ్మవారి తల ఊగిందో! శాస్త్రం చెప్పలేదు. మెట్టు మీద వేలు పెట్టినప్పుడల్లా నాకు అదే ఊహ.

ముసుగు మాట వేదంలోనూ ఉంది. ఐతరేయారణ్యకం మనిషి శరీరాన్ని దైవీ వీణ అంటుంది, చేతితో చేసిన వీణ దానికి అనుకరణ అంటుంది. దీనికి తల ఉన్నట్లే దానికీ తల, దీనికి పొట్ట ఉన్నట్లే దానికీ పొట్ట, దీనికి వేళ్లు, దానికి తీగలు. ఇలా పోలుస్తూ వచ్చి, ఈ శరీరం రోమాలున్న చర్మంతో కప్పి ఉన్నట్లే ఆ వీణ కూడా రోమాలున్న చర్మంతో కప్పి ఉంటుందని చెబుతుంది. ఆ కాలంలోనూ వీణకు తొడుగు ఉండేదన్నమాట! ఇరవై నాలుగు మెట్లంటే గాయత్రిలోని ఇరవై నాలుగు అక్షరాలని, వెన్నుపూసలని ఉపన్యాసాల్లో తరచు వింటుంటాం. అందమైన భావనే. అయితే మెట్లు లెక్కపెట్టేవారు పదిమంది ఉంటే వాటి మీద వేలు నొక్కేవారు ఒక్కరు కూడా కనిపించడం లేదు. యాజ్ఞవల్క్యస్మృతి "వీణావాదన తత్త్వజ్ఞః" అన్నది. శ్రుతి తెలిసి, తాళం తెలిసి, వీణావాదనంలోని తత్త్వం ఎరిగినవాడు ప్రయాస లేకుండా మోక్షమార్గం చేరుతాడని. వాదనం అన్నాడు మహర్షి, పూజనం అనలేదు.

ఇంత మాట్లాడుతున్న నా ఇంట్లోనూ ఒక వీణ పదకొండేళ్లు ముసుగులో ఉండిపోయింది. మా అమ్మది. ఆమె పోయిన తరువాత పొందూరు బట్టతో ఆమె కుట్టుకున్న ముసుగులోనే దాన్ని దేవుడి గది మూలన నిలబెట్టాను. మూలా నక్షత్రానికి ముసుగు మీదనే ఒక బొట్టు, ఒక పువ్వు. తీస్తే అమ్మ గుర్తుకొస్తుందని భయం. అదీ భక్తే అనుకున్నాను. ఒకసారి మా అమ్మాయి, "అమ్మమ్మ వీణ ఎలా మోగేది?" అని అడిగింది. చెప్పడానికి నోరు రాలేదు. ముసుగు విప్పాను. తీగలు తుప్పు పట్టాయి, రెండు బిరడలు బిగుసుకుపోయాయి, మెట్ల కింది మైనం బీటలు వారి ఐదారు మెట్లు కదిలిపోతున్నాయి.

ఆ శనివారం బొబ్బిలి పక్కన గొల్లపల్లికి తీసుకువెళ్లాను. సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా వీణలు చేస్తున్న ఊరు అది. ఆ వీణలకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. పనస మాను దుంగను తొలిచి కుండ, దండి, తల అంతా ఒకే కర్రలో తీస్తే అది ఏకాండి వీణ. ఎక్కడా అతుకు ఉండదు. నేను వెళ్లేసరికి ఒక చోట ఉలితో కుండ లోపల తొలుస్తున్నారు. గోడ ఎక్కడ మందంగా ఉంచాలో ఎక్కడ పలచన చేయాలో వేలి కణుపుతో కొట్టి, విని, మళ్లీ తొలుస్తున్నారు. ఇంకొక చోట మేళం కడుతున్నారు, అంటే మెట్లు అమరుస్తున్నారు. మసి కలిపిన నల్ల మైనాన్ని వేడి చేసి దండికి రెండు వైపులా గట్లలా పోసి, ఇత్తడి మెట్లను ఒక్కొక్కటే నిలబెట్టి, తీగ మీటి, చెవిని నమ్మి వెంట్రుకవాసి జరిపి స్థిరపరుస్తారు. ఇరవై నాలుగు మెట్లకూ ఇదే తపస్సు. ఒక్క మెట్టు తప్పితే ఆ వీణ మీద వాయించిన ప్రతి రాగంలోనూ ఆ తప్పు పలుకుతుంది. ఆ చేతులకు నమస్కారం పెట్టాలనిపించింది.

అటువంటి మైనం మీద మనం కుంకుమ పోస్తున్నాం! వేసవిలో మెత్తబడ్డ మైనంలోకి ఆ రేణువులు దిగితే ఇక రావు. మెట్టుకూ తీగకూ మధ్య చేరితే నాదం జీరపోతుంది. హారతి పళ్లెం దండికి ఆనుకునేలా పెడితే మైనం కరిగి మెట్టు ఒరిగిపోతుంది. పసుపునీళ్లు చల్లితే ఉక్కుతీగకు తుప్పు. బొట్టు పెట్టాలనుకుంటే కుండ పక్కన ఒకటి, యాళి నుదుట ఒకటి, చాలు. మిగిలిన కుంకుమ అమ్మవారి పాదాల దగ్గర వేయండి. ఆ రోజు చేయవలసిన అలంకారం కొత్త తీగలు. సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, పక్కన మూడు తాళం తీగలు, ఏడూ మార్చి షడ్జమం నిలబెట్టండి. వాద్యానికి నైవేద్యం అదే.

తీగ తెగితే అపశకునమా అని చాలామంది అడుగుతారు. బిగించిన ఉక్కు తీగ ఏదో ఒకనాడు తెగుతుంది, వేలి చెమట తగిలే చోట ఇంకా త్వరగా. వాయించే ఇంట్లోనే తీగ తెగుతుంది. శ్యామలాదేవిని "మాణిక్యవీణాముపలాలయంతీం" అని స్తుతిస్తున్నాం రోజూ. ఉపలాలయంతీం అంటే ఒడిలో బిడ్డను లాలించినట్లు వీణను లాలిస్తున్నదని. బిడ్డ ఒంటికి దెబ్బ తగిలితే మందు రాస్తాం గాని, శకునం బాగాలేదని అటక మీద పెట్టం గదా! కొత్త తీగ వేయండి, అంతే.

వయొలిన్ విదేశీ వాద్యం, పూజలో ఉంచవచ్చా అని మొన్న ఒక అమ్మాయి సందేహం వెలిబుచ్చింది. ఈ ప్రశ్న విజయనగరంలో పుట్టడమే నాకు బాధ కలిగించింది. ముత్తుస్వామి దీక్షితులు వీణను ఒడిలో పెట్టుకుంటే, ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చారు. ఒకే ఇల్లు, ఒకే అమ్మవారి ఉపాసన. 1919లో ఇక్కడ మహారాజావారు సంగీత కళాశాల స్థాపించి ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నిలిపినప్పుడు, విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఆ వాయిద్యం విని ఏకంగా ఆచార్యునిగా నియమించారు. కంటిచూపు అంతంతమాత్రమైన ఆ మహానుభావుడు కమాను కదిపితే ఫిడేలు నాయుడుగారని దేశమంతా చేతులెత్తి మొక్కింది. ఆ వీధుల్లో నడుస్తూ ఫిడేలుకు అంటు ఏమిటి తల్లీ? పెట్టు, పూజ చెయ్యి, తరువాత చేతిలోకి తీసుకో.

మన పైడితల్లి అమ్మవారిని చూడండి. దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను ఊరేగుతుంది. చింతమానుకు పసుపు రాస్తాం, కుంకుమ పెడతాం, కానీ గుడి ముందు కట్టిపడేసి ఊరుకోం. అది లేవాలి, కోట దాకా కదలాలి, జనం అరటిపళ్లు విసరాలి. కదలని సిరిమాను ముందు విజయనగరం ఒక్క నిమిషం నిలబడుతుందా? పనసమాను వీణ అయినప్పుడు మాత్రం దాని నోరు కట్టేస్తున్నాం.

గొల్లపల్లి సంగతి ఇంకొకటి ఉంది. వీణను చేతిలోకి తీసుకున్న పెద్దాయన తీగలన్నీ విప్పి మెట్లను వెలుతురుకు పట్టుకుని చూశారు. సారణి తీగ కింద కొన్ని మెట్లు అరిగి సన్నని గాళ్లు పడ్డాయి. అన్నిటి మీదా సమానంగా లేవు, కొన్నిటి మీద లోతుగా ఉన్నాయి. "ఈ తల్లి బాగా వాయించేవారమ్మా. ఎక్కువ ఈ నాలుగైదు చోట్లే నిలిచేవారు" అన్నారు. నేను వేలు పెట్టి తడిమాను. మా అమ్మ సాయంత్రాలన్నీ ఆ గాళ్లలో ఉన్నాయి. "వీటిని ఆకురాయితో సానపట్టాలి. లేకపోతే తీగ జీరపోతుంది. పట్టమంటారా, ఇలాగే ఉంచమంటారా?" అని అడిగారు.

బయట వేపచెట్టు కింద చాలాసేపు కూర్చున్నాను. అలా ఉంచుకుంటే అమ్మ చేతి గుర్తు మిగులుతుంది, వీణ మాత్రం మోగదు. ఏ చేతులు ఆ గాళ్లు పడేదాకా వాయించాయో ఆ చేతులు ఏమని ఉండేవి? లోపలికి వెళ్లి, పట్టమన్నాను. ఆకురాయి పట్టగా మెట్ల నుంచి రాలిన పొడి కొంచెం కాగితంలో పొట్లం కట్టి ఇచ్చారాయన, నేను అడగకుండానే. అది దేవుడి గదిలో అమ్మవారి పటం వెనుక ఉంది.

ఇప్పుడు సాయంత్రం ఆరు గంటలకు పొందూరు బట్ట మడతపడి పీట పక్కన ఉంటుంది. మా అమ్మాయి కొబ్బరినూనెలో ముంచిన దూదిని ఎడమచేతి వేళ్లకు అద్దుకుని సరళీ వరసలు ముగించి జంట వరసలకు వచ్చింది. వాయించడం అయ్యాక ముసుగు కప్పేది కూడా తనే. నిన్న కప్పుతుండగా బట్ట అంచు తాళం తీగకు తగిలి సన్నగా మోగింది. ఆ నాదం పూర్తిగా ఆగేదాకా చెయ్యి కదపకుండా అలాగే కూర్చుంది.