మూడు మాత్రలు నాలుగైనప్పుడు

టీబీ మందులు మొదలుపెట్టి పందొమ్మిదో రోజు. రాత్రి రెండున్నరకి దగ్గు తెర వచ్చింది. గొంతులో గరగర, నోరంతా ఉప్పగా అయింది. లైటు వేసేసరికి స్టీలు గ్లాసులో సగం దాకా రక్తం. నా ప్రాణం అక్కడే సగం పోయింది. ప్రార్థన చేద్దామంటే "ప్రభువా" తర్వాత ఒక్క మాట రాలేదు. మా ఆయన 108కి ఫోన్ చేశారు.

ఆ రాత్రి తెలుసుకున్నది ముందు చెప్పేస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. రక్తం పడితే వెల్లకిలా పడుకోకూడదు. కూర్చోవాలి. పడుకోవాల్సి వస్తే జబ్బున్న వైపుకే తిరిగి పడుకోవాలి. నాకు ఎక్స్‌రేలో మచ్చ కుడివైపు ఉంది, కాబట్టి కుడిపక్కకి. లేకపోతే రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి దిగుతుంది. మింగకుండా ఉమ్మేయాలి, ఎంత పడిందో పారబోయకుండా డాక్టరుకి చూపించాలి. డ్యూటీ డాక్టరమ్మ చాలా ఓపికగా చెప్పింది: "పాత గాయంలో నాళం చిట్లింది. అంతమాత్రాన మందు పనిచేయట్లేదని కాదమ్మా. మాత్రలు మాత్రం ఆపొద్దు." ఆ చివరి మాటే నన్ను బతికించింది.

ఎందుకంటే మర్నాడు పరామర్శకొచ్చిన ఒక విశ్వాసి, "సిస్టర్, నమ్మకం గట్టిగా ఉంటే ఇన్ని మాత్రలెందుకు? ఆపి చూడండి, దేవుడే చూసుకుంటాడు" అన్నారు. ఆ మాట మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. టీబీ మందు మధ్యలో మానేస్తే చావగా మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, మందుకి లొంగకుండా తయారవుతాయి. అప్పుడు ఇంట్లో వాళ్లకి అంటుకునేది కూడా ఆ మొండి జబ్బే.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీ డాక్టర్లు 1915లో క్షయ శానిటోరియం తెరిచినప్పుడు ఈ జబ్బుకి మందే లేదు. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అంతే. ఆ మంచాల మీద ఎంతమంది మందు కోసం మొరపెట్టుకుని కన్నుమూశారో! ఆ మందు ఇవాళ మా ఊరి పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తుంటే, దేవుడి పేరు చెప్పి వద్దనడమా?

బైబిల్లో, దేవుడు ఇస్తానన్న కనాను దేశాన్ని చూసొచ్చిన పన్నెండుమంది వేగులవాళ్లని ఆ వారమంతా తలుచుకున్నాను. పదిమంది చెప్పింది అబద్ధం కాదు. అక్కడ ఆజానుబాహులున్నారు, ప్రాకారాలున్నాయి. మిగతా ఇద్దరు, కాలేబు, యెహోషువ కూడా వాటిని లేవనలేదు. ఆ పదిమంది శత్రువుల పక్కన తమని నిలబెట్టుకుని, మిడతల్లా ఉన్నామనుకున్నారు. వీళ్లిద్దరూ ఆ శత్రువుల్ని దేవుడి పక్కన నిలబెట్టి చూశారు. గ్లాసులో రక్తాన్ని నేనూ అలా చూడాలి. రక్తం రక్తమే, కాదనక్కర్లేదు. తెల్లారాక పరగడుపున మాత్రలు మింగడమే అప్పుడు నా విశ్వాసం.

నా బరువు 46 కిలోలు, అందుకని రోజుకి మూడు మాత్రలు. 35 నుంచి 49 కిలోల వాళ్లకి మూడు, 50 నుంచి 64 వాళ్లకి నాలుగు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులుంటాయి, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులే. మూత్రం నారింజ రంగులో వస్తే రక్తమని హడలిపోకండి, అది ఆ మాత్రలో ఉండే రిఫాంపిసిన్ అనే మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అరికాళ్లు తిమ్మిరెక్కితే చెప్పండి, బి6 మాత్ర ఇస్తారు. నెల తిరిగేసరికి దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. చాలామంది మానేసేది సరిగ్గా అక్కడే.

పిల్లల్ని మా అమ్మగారింటికి పంపేయమని అందరూ అన్నారు. ఆశా అక్క ఒక్కతే, "పంపడం కాదు వదినా, ముందు పరీక్ష చేయించు" అని తనే వెంట తీసుకెళ్లింది. ఇద్దరికీ ఏమీ లేదు, చిన్నాడికి మాత్రం ముందుజాగ్రత్త మందిచ్చారు. టీబీ ఉన్నవాళ్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బులు 2024 నవంబరు నుంచి నెలకి 1000 చేశారు, అంతకుముందు 500. బ్యాంకు ఖాతా ఇస్తే చాలు. నావన్నీ గుడ్లకీ, పప్పుకీ పోయాయి.

మూడో నెలాఖర్న కౌంటరులో చీటీ చూసి నాలుగు మాత్రల లెక్కన ఇచ్చారు. కాళ్లలో సత్తువ పోయింది. జబ్బు ముదిరిందా? అడగడానికి నోరు పెగల్లేదు. ఆశా అక్క నన్ను బరువు మిషను దగ్గరికి తీసుకెళ్లి ముల్లు చూపించింది. 52. "లావయ్యావు వదినా, అందుకే మాత్ర పెరిగింది."

ఆరు నెలలూ పూర్తయ్యాయి, చివరి తెమడ పరీక్షలో క్రిమి లేదు. రెండేళ్లపాటు ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. మొదటి తేదీ ఫ్రిజ్ మీద అంటించాను.