17 నిమిషాల షాట్‌కు తెలుగు సబ్‌టైటిల్స్: నా అనుభవం

స్టీవ్ మెక్వీన్ 2008లో తీసిన 'హంగర్'కు ఓ ఫిల్మ్ క్లబ్ ప్రదర్శన కోసం తెలుగు సబ్‌టైటిల్స్ రాశాను. ఉత్తర ఐర్లండ్‌లోని మేజ్ జైల్లో రాజకీయ ఖైదీ హోదా కోసం తిండి మానేసి, 66వ రోజున, 1981 మే 5న ప్రాణం వదిలిన బాబీ శాండ్స్ కథ ఇది. 96 నిమిషాల సినిమాలో మాటలు చాలా తక్కువ. అందుకే పని తేలిక అనిపిస్తుంది, కాదు.

ముందు ఫ్రేమ్‌రేటు, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములో చూసుకోవాలి. టైమింగ్ ఫైలు 25 ఫ్రేములది, వీడియో 24ది అయితే మొదట్లో తేడా తెలియదు. చివరికి వచ్చేసరికి మాటకూ అక్షరానికీ మధ్య దాదాపు 4 నిమిషాల ఎడం ఉంటుంది. సినిమా ఆఖర్లో ఒక డైలాగు దగ్గర సరిచూసి, ఫైలు మొత్తానికి ఒకేసారి రేటు మార్చేయాలి. ఒక్కో లైను జరుపుతూ కూర్చుంటే తెమలదు. సేవ్ చేసేది తెలుగు లిపిని నిలబెట్టే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే, లేదంటే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది.

అక్షరాల లెక్కలో సాఫ్ట్‌వేర్‌ను నమ్మొద్దు. 'స్త్రీ' మన కంటికి ఒకటే అక్షరం, దాని లెక్కలో ఆరు. ఇంగ్లిష్‌కు పెట్టుకునే లైనుకు 42 అక్షరాల హద్దు ఇక్కడ పనికిరాదు. పైకి చదువుతూ, మనిషి మాట ముగిసేలోగా చదవడం పూర్తవుతుందా అని చూసుకోవడమే మేలు. పై లైను వత్తులు కింది లైను గుడుల మీద పడతాయి కాబట్టి లైన్ల మధ్య ఎడం పెంచాలి.

మొదటి సగంలో రాయకుండా ఉండటమే పని. వార్డరు వాష్‌బేసిన్ నీళ్లలో చేతులు ముంచుతాడు, వేళ్ల కణుపులు చిట్లిపోయి ఉంటాయి. ఎవరిని కొట్టాడో ఇంకా చూపించలేదు. ఇంకోచోట, ఖైదీలు నిరసనగా తలుపుల కిందనుంచి వదిలిన మూత్రాన్ని ఒకడు వరండా పొడవునా ఊడ్చుకుంటూ కెమెరా వైపు వస్తాడు. ఇలాంటి చోట వివరణ చేర్చాలని చెయ్యి లాగుతుంది. చేర్చకూడదు. వినికిడి లేనివారి కోసం చేసే ఫైల్లో, పోలీసులు లాఠీలతో డాళ్లు బాదే చప్పుడుకు మొదట్లో ఒక్కసారి సబ్‌టైటిల్ పెడితే చాలు.

తరవాత వస్తుంది బాబీకీ, అతన్ని చూడ్డానికి జైలుకొచ్చిన చర్చి ఫాదర్‌కీ మధ్య సంభాషణ. దాదాపు 17 నిమిషాలు కెమెరా కదలదు, కట్ లేదు. మామూలుగా సబ్‌టైటిల్‌ను కట్ దగ్గర, అంటే షాట్ మారే చోట ముగిస్తాం, ఇక్కడ ఆ ఆసరా లేదు. ఊపిరి తీసుకునే చోటు, సిగరెట్ పొగ వదిలే చోటు చూసి విరిచాను. ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తే ఒక్కో లైను ముందు చిన్న గీత.

అన్నిటికన్నా ఎక్కువ తన్నుకులాడింది ఒక మాట దగ్గర. 'నిరాహార దీక్ష' అని రాయడానికి చెయ్యి అలవాటు పడి ఉంది. కానీ తెలుగువాడికి ఆ మాట వినగానే 1952లో 58 రోజులు పస్తుండి అమరుడైన పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. దీక్ష అంటేనే పవిత్రం. ఫాదర్ వాదనంతా ఇది ఆత్మహత్యే కదా అని. 'దీక్ష' అని రాసిన క్షణంలో ఆయన ఓడిపోతాడు, 17 నిమిషాల పోరు ఏకపక్షమైపోతుంది. అందుకే ఆ సన్నివేశం మొత్తం 'తిండి మానేయడం' అనే రాశాను. మొండిగా ఉంది, ఉండాల్సిందే.

ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే 'యూ', తెలుగులో తప్పించుకోలేం. ఫాదర్ బాబీని 'నువ్వు' అంటాడు. బాబీ ఆయన్ను 'మీరు' అంటాడు కానీ 'అండి' ఎక్కడా పెట్టలేదు, పెడితే బతిమాలుతున్నట్టు ఉంటుంది. బెల్‌ఫాస్ట్ యాసను మన ఏ జిల్లా యాసలోకీ మార్చలేదు. మార్చితే మనిషి మన ఊరివాడైపోతాడు, జైలు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

చివరికి కట్ పడి కెమెరా బాబీ ముఖానికి దగ్గరవుతుంది. చిన్నప్పుడు కాలు విరిగి వాగులో పడి ఉన్న గుర్రప్పిల్లను తానే నీళ్లలో ముంచి చంపిన సంగతి చెబుతాడు. ఇక్కడ వాక్యాలు కుదించాను, రెండో లైను వీలైనంత వాడలేదు, కళ్లు ముఖం మీదే ఉండాలి కాబట్టి. ఆ కట్‌కు ముందు రెండు ఫ్రేములు తెరను ఖాళీగా వదిలేశాను.