నూటికి రూపాయి వడ్డీ, నెహెమ్యా దినాలు

బైబిలులో నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయంలో కరువొచ్చి పొలాలు, ఇళ్లు కుదువపెట్టిన జనం మొరపెడతారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, సొంత సహోదరులే. పొలాలతోపాటు పుచ్చుకున్న ‘నూరవ భాగం’ కూడా తిరిగిచ్చేయమంటాడు యూదా అధికారి నెహెమ్యా. అది నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతల మాట. అంటే మన రూపాయి వడ్డీ, ఏడాదికి 12 శాతం. అనంతపురం పల్లెల్లో వేరుశనగ ఎండిపోయిన ఏడు రెండు రూపాయలకు అప్పు పుడితే చాలనుకుంటాం. అది 24 శాతం. మూడు రూపాయలైతే 36. ఆదివారం పక్కన కూర్చుని ప్రార్థించిన సహోదరుడికే సోమవారం మూడు రూపాయలకు నోటు రాయించుకుంటే నెహెమ్యాకు ఏం జవాబు చెబుతాం?

అలాగని వడ్డీ అంతా పాపమని నేను అనను. నిర్గమకాండం 22లో వడ్డీ వద్దన్న ఆజ్ఞ పేదవాడి అవసరం గురించి. తలాంతుల ఉపమానంలో సాహుకార్ల దగ్గర వేసిన సొమ్ముకు వడ్డీ వస్తుందన్న మాట యేసే వాడాడు. ట్రాక్టరుకు ఇచ్చే అప్పు వేరు, ఆస్పత్రి బిల్లుకు ఇచ్చే చేబదులు వేరు. రెండోదానికి వడ్డీ అడగకూడదు. బ్యాంకులో పనిచేసే విశ్వాసి తలవంచుకోనక్కర్లేదు గానీ, కౌంటరు దగ్గర త్రాసు సరిగ్గా పట్టుకోవాలి.

ఫ్లాట్ వడ్డీనే చూడండి. లక్ష రూపాయలు, 12 నెలలు, ఫ్లాట్ 12 శాతం: నెలకు 9,333, వడ్డీ 12,000. అదే 12 శాతం తగ్గుతున్న బాకీ మీద వేస్తే నెలకు 8,885, వడ్డీ 6,620 లోపే. నెలనెలా అసలు తీరుతున్నా ఫ్లాట్‌లో చివరిదాకా పూర్తి లక్ష మీదే వడ్డీ పడుతుంది, అందుకే నిజంగా పడే రేటు 21 శాతం దాటుతుంది. ఇది చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం సామెతలు 11 చెప్పిన దొంగత్రాసే. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే రిటైల్ అప్పులకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్య వివరాల పత్రం, తప్పనిసరి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి. అందులో ఏపీఆర్ (ఏడాదికి పడే రేటు) అన్న గడి మీద వేలు పెట్టి పైకి చదివి వినిపించండి. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు కలిపిన రేటు అదే.

హామీ సంతకం సాక్షి సంతకం కాదు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. సంఘంలో మొహమాటంతో పెట్టిన సంతకాలే చాలా ఇళ్లను ముంచుతున్నాయి. చేతి అప్పుల్లో అయితే ఖాళీ నోటు మీద సంతకం వద్దు. కొంత కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు రాయించుకోండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ద్వితీయోపదేశకాండం 24. తాకట్టు కోసం అప్పిచ్చినవాడు ఇంట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి, అప్పు తీసుకున్నవాడే తెచ్చి ఇవ్వాలి. ఏది ఇవ్వగలడో వాడే ఎంచుకుంటాడు, ఇంట్లోవాళ్ల ముందు వాడి పరువు నిలుస్తుంది. తిరగలిని తాకట్టు పట్టకూడదన్నదీ అక్కడే. అది బతుకుతెరువు. ధర్మవరంలో అయితే మగ్గం. కోర్టు డిక్రీ జప్తుల్లో చేతిపనివాళ్ల పనిముట్లకు మినహాయింపు ఇచ్చిన సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోనూ ఇదే మనసు కనిపిస్తుంది.

మైక్రోఫైనాన్స్ వసూళ్లకు రిజర్వు బ్యాంకు పెట్టిన నియమమూ అంతే. ముందుగా ఒప్పుకున్న చోటే వసూలు చేయాలి. వరుసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి వెళ్లాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వెళ్లకూడదు. గుమ్మం ముందు బండి ఆపి పక్కింటికి వినపడేలా అరిచేవాడు విశ్వాసి అయితే, వాడు వాక్యానిదీ రిజర్వు బ్యాంకుదీ రెండు ఆజ్ఞలు మీరినట్టే.

తాకట్టు పెట్టిన పేదవాడి దుప్పటి పొద్దుగూకేలోగా తిరిగిచ్చేయాలన్నది ధర్మశాస్త్రం. అప్పు పూర్తిగా తీరాక ఇంటి దస్తావేజులు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు ఇచ్చిన గడువు 30 రోజులు. బ్యాంకు తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 కట్టాలి. బీరువా తాళం మీ చేతిలో ఉంటే, ఆ దస్తావేజులు ఆరోజు సాయంత్రానికే ఇచ్చి పంపండి.