వైన్ కిట్ కొని జీడిపండ్లతో వెనిగర్ చేశాను: నా అనుభవం

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మావయ్యగారికి కాశీనగర్ వైపు ఎకరంన్నర జీడితోట ఉంది. మార్చి నుంచి మే దాకా అక్కడ రోజూ ఒకటే పని, రాలిన పళ్ళు ఏరడం, పిక్క మెలితిప్పి తీయడం, పిక్కలు ఎండబెట్టి బస్తాలకెత్తి పలాస వ్యాపారికి తూచి ఇవ్వడం. పండు మాత్రం చెట్టు కిందే కుప్ప. పిక్క కంటే పండు ఐదారు రెట్లు బరువుంటుంది, అంటే ఒక బస్తా పిక్కలు ఇంటికి తెచ్చామంటే ఐదారు బస్తాల పళ్ళు మట్టిలో వదిలేసి వచ్చామన్నమాట. పెళ్ళై వచ్చిన మొదటి వేసవి నుంచీ ఆ ఎర్రటి, పసుపు పచ్చటి కుప్పల మీద ఈగలు ముసరడం చూస్తుంటే నాకు ప్రాణం ఒప్పేది కాదు.

పోయినేడాది మా ఆడపడుచు కూతురు (బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతోంది) సెలవులకి వచ్చి, “అత్తా, వైన్ చేసే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, చూడు” అని ఫోన్ చూపించింది. 12 లీటర్ల మూత బకెట్, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని బయటకి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని నీళ్ళ బిరడా), హైడ్రోమీటర్ (రసం ఎంత చిక్కగా ఉందో చూపే మీటర్), పైనుంచి తేటని దించుకునే సైఫన్ గొట్టం, 5 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్, వైన్ పాడవకుండా వేసే పొటాషియం మెటాబైసల్ఫైట్ మాత్రలు, ఒక కరపత్రం. వైన్ మాకు అక్కర్లేదు, పైగా ఒడిశాలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం చేయడం నేరం. కానీ వెనిగర్ చేయాలన్నా ముందు పళ్ళరసం పులియాలి, అందులోని చక్కెర ఆల్కహాల్ అవ్వాలి, ఆ ఆల్కహాల్ మళ్ళీ గాలి తగిలి పులుపెక్కాలి. మొదటి సగానికి ఆ సామాను సరిగ్గా సరిపోతుందనిపించింది. ఇంట్లో ఏటా పచ్చిమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు వెనిగర్‌లో ఊరబెడతాను, కొట్లో కొనే సీసా మీద సింథటిక్ అని రాసి ఉంటుంది, అంటే ఎసిటిక్ యాసిడ్‌లో నీళ్ళు కలిపినది. మన తోట పండుతో అసలు వెనిగర్ చేసుకోవచ్చు కదా అని ఆశ పుట్టింది.

కిట్ వచ్చాక ఏప్రిల్ రెండో వారంలో మొదలుపెట్టాం.

జీడిపండుతో పని మిగతా పళ్ళలాంటిది కాదు. తెల్లారేసరికి రాలినవి ఏరి, నలిగినవి పక్కన పెట్టి, అదే రోజు రసం తీసేయాలి, సాయంత్రానికే వాసన మారిపోతుంది. పిక్క తీసేటప్పుడు పెంకు పగలకూడదు, దానిలోని జీడినూనె చేతికి తగిలితే పుండు పడుతుంది. కత్తిపీట వాడొద్దు. నేను మొదట నాలుగు పళ్ళు కత్తిపీట మీదే కోశాను, కోసిన చోటల్లా నల్లటి చార పడింది. పండులోని వగరుకి ఇనుము తగిలితే అలా నల్లబడుతుందట, రసం కూడా నల్లబడుతుంది. స్టీలు చాకుతో కోసి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, నూలుగుడ్డలో వేసి ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండాం. పదిహేను కిలోలకి తొమ్మిది లీటర్ల రసం వచ్చింది. ఆ రోజు కట్టుకున్న చీర మీద పడిన మరకలు ఇప్పటికీ పోలేదు, కాబట్టి పాత బట్టలు కట్టుకుని కూర్చోండి.

ఇక ఆ వగరు. జీడిపండు తిన్నవాళ్ళకి తెలుసు, గొంతు పట్టేసి గరగరలాడుతుంది. దాన్ని తీసేయకుండా వెనిగర్ చేస్తే పులుపుతో పాటు ఆ గరగర కూడా సీసాలోకి వస్తుంది. దీనికి కేరళలో వాడే పద్ధతి ఒకటుంది, సగ్గుబియ్యం. లీటరు రసానికి 5 గ్రాముల సగ్గుబియ్యం పొడి చేసి, కొంచెం నీళ్ళలో జావలా ఉడికించి, చల్లారాక రసంలో కలిపి పన్నెండు గంటలు కదపకుండా వదిలేయాలి. నేను రాత్రి కలిపి పడుకున్నాను. పొద్దున్నే గాజు జాడీని వెలుతురుకి పెట్టి చూస్తే పైన తేనెరంగు తేట, అడుగున రెండు వేళ్ళ మందాన మురికి పసుపు మడ్డి. తేట ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను, తీపే, గొంతు పట్టలేదు. సైఫన్ గొట్టంతో పైది పైదే బకెట్‌లోకి దించాం.

హైడ్రోమీటర్ వేస్తే 1.041 చూపించింది (మామూలు నీళ్ళకి 1.000, తీపి పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది). మా కోడలుపిల్ల (అదే, ఆడపడుచు కూతురు) థర్మామీటర్ పెట్టి, రసం 33 డిగ్రీలుందని, ఈ మీటర్ 20 డిగ్రీలకి చేసిందని, మూడు పాయింట్లు, అంటే 0.003 కలుపుకోవాలని చెప్పింది. అంటే 1.044. లీటరుకి 36 గ్రాముల చొప్పున పంచదార కరిగించాక 1.058 అయింది. పూర్తిగా పులిస్తే ఏడున్నర శాతం ఆల్కహాల్, వెనిగర్‌కి అది బాగా చాలు. కరపత్రంలో చెప్పినట్టే రెండు సల్ఫైట్ మాత్రలు నలిపి వేసి, ఒక రోజు ఆగి, ఈస్ట్‌ని గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట నానబెట్టి కలిపి, మూత బిగించి ఎయిర్‌లాక్ పెట్టాం.

మర్నాడు పొద్దున్నకి ఎయిర్‌లాక్ నీళ్ళు బుడుక్ బుడుక్‌మనడం మొదలైంది. ఇంటిల్లిపాదీ వచ్చి చూశారు. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి “ఏటమ్మా, ఇంట్లో సారా కాస్తున్నావా ఏటి?” అన్నారు, భయంగానే అన్నారు. పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను, ఇది తాగడానికి కాదు, పులియడం ఆగిన రోజే వెనిగర్ పోసేస్తాను, ఆ తర్వాత ఎవరూ నోట పెట్టలేరు అని. ఆవిడ మనసు కుదుటపడింది. ఎండ దంచేస్తుంటే ఈస్ట్ చచ్చిపోతుందేమో అని నాకు టెన్షన్, 30 డిగ్రీలు దాటనివ్వకూడదు కదా, అందుకని బకెట్‌ని నీళ్ళ టబ్బులో పెట్టి చుట్టూ తడి గోనెసంచి కప్పి, ఫ్యాను గాలి తగిలేట్టు ఉంచి, గంటకోసారి తడిపాను. అత్తయ్యే గుర్తు చేసేవారు, సంచి ఆరిపోయిందమ్మా అని.

ఎనిమిదో రోజుకి బుడగలు ఆగాయి. మీటర్ 1.000 చూపించింది. ఇక్కడే నేను తప్పు చేశాను.

కరపత్రంలో చివర మళ్ళీ రెండు మాత్రలు వేయమని, మూత బిగించి ఉంచమని ఉంది. వేశాను. తర్వాత మదర్ (వెనిగర్ చేసే బతికున్న బాక్టీరియా పొర) ఉన్న యాపిల్ సైడర్ వెనిగర్ ఒక సీసా తెప్పించి పోసి, ఎయిర్‌లాక్ అలాగే ఉంచి, రోజూ మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తూ కూర్చున్నాను. మూడు వారాలైనా పులుపు లేదు. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే ఘాటు లాంటి వాసన, అంతే. మా కోడలుపిల్లకి ఫోన్ చేస్తే రెండు ముక్కల్లో తేల్చేసింది. “ఆ మాత్రలే వెనిగర్ బాక్టీరియాని చంపేవి అత్తా, పైగా దానికి గాలి కావాలి, నువ్వు గాలి ఆడకుండా కట్టేశావు.” అప్పటికి గానీ నాకు విషయం అర్థం కాలేదు. ఆ కిట్‌లో ప్రతి వస్తువూ రసం వెనిగర్ కాకుండా కాపాడడానికే చేసింది! బిగుతు మూత, ఎయిర్‌లాక్, మాత్రలు, అంచు దాకా నింపమనే సలహా, అన్నీ. వైన్ చేసేవాళ్ళకి వెనిగర్ అంటే పాడైపోవడం. నాకు కావాల్సింది ఆ పాడైపోవడమే, కాబట్టి సగం దాకా కరపత్రం మాట వినాలి, అక్కడి నుంచి దానికి ఎదురు నడవాలి. ఈ ఒక్క మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే తొమ్మిది లీటర్లు దక్కేవి. ఆ రసం కొబ్బరిచెట్టు మొదట్లో పారబోసిన రోజు మావయ్యగారు ఏమీ అనలేదు గానీ, మర్నాడు తెల్లవారుజామునే తోటకి వెళ్ళి రెండు బుట్టల పళ్ళు తెచ్చి వరండాలో పెట్టారు. మే నెల మూడో వారం. ఇంకో పదిరోజుల్లో పళ్ళు అయిపోతాయి.

రెండోసారి ఆరు లీటర్లు. సగ్గుబియ్యం, పంచదార లెక్కలన్నీ అవే. మాత్రలు మొదట్లో కూడా వేయలేదు, దాని బదులు పళ్ళు బాగా కడిగి, సామాను మరిగే నీళ్ళతో కడిగి ఎండబెట్టి, ఈస్ట్ కొంచెం ఎక్కువ పడేట్టు చూసుకున్నాం. బుడగలు ఆగిన రోజే మడ్డి మీద నుంచి తేటని దించి, అత్తయ్య ఇచ్చిన పది లీటర్ల ఆవకాయ జాడీలో పోశాను. వెడల్పు నోరు, లోపల మెరుగు ఎక్కడా పెచ్చు లేచి లేదు, ముఖ్యంగా లోహం కాదు. పచ్చళ్ళ జాడీ కంటే దీనికి మంచి పాత్ర లేదని నా నమ్మకం. మదర్ ఉన్న వెనిగర్ లీటరున్నర కలిపాను, అంటే రసంలో నాలుగో వంతు. కొట్లో దొరికే సింథటిక్ వెనిగర్‌లో జీవం ఉండదు, అది పోస్తే ప్రయోజనం లేదు, మదర్ అని లేబుల్ మీద ఉన్నదే తీసుకోండి. జాడీ పావు వంతు ఖాళీగా ఉంచి, పాత పంచెగుడ్డ రెండు మడతలు వేసి తాడుతో గట్టిగా కట్టాను. ఆ వాసనకి సన్నటి పళ్ళ ఈగలు ఎక్కడి నుంచి వస్తాయో తెలీదు, ఒక్క మడత గుడ్డయితే దూరిపోతాయి.

పదకొండో రోజు గుడ్డ విప్పి చూస్తే పైన పల్చటి పొర, పాల మీద మీగడ కట్టినట్టు, పక్క నుంచి వెలుతురు పడితే నున్నగా మెరుస్తోంది. గరిటె కాడతో అంచు తాకితే జారింది, విరగలేదు. అదే వెనిగర్ తల్లి, సీసా మీద మదర్ అని రాసేది. పొర తెల్లగా, పొడిపొడిగా, ముడతలు పడి ఉంటే అది తల్లి కాదు, వేరే ఈస్ట్, దాన్ని తీసి పారేయాలి. రంగురంగుల బూజైతే మొత్తం పారబోయాల్సిందే. మాది నున్నటిదే. ఆ రోజు నుంచి జాడీని కదపలేదు, కదిపితే పొర మునిగిపోతుంది.

జూన్‌లో వానలు పడి ఇల్లు చల్లబడ్డాక పని ఊపందుకుంది. జూలై చివరికి గది తలుపు తీస్తే చాలు ముక్కు చురుక్కుమనేది. పులుపు వచ్చింది సరే, ఎంత వచ్చింది అన్నది నాలికకి తెలీదు, నిల్వ పచ్చడికి వాడాలంటే అది తెలిసి తీరాలి, బలం తక్కువైన వెనిగర్‌లో ఊరబెడితే పచ్చడి పాడవడమే కాదు, తిన్నవాళ్ళకి ప్రమాదం. ఆగస్టులో మా కోడలుపిల్ల చిన్న సీసాలో పట్టుకెళ్ళి, లెక్చరర్‌ని అడిగి కాలేజీ ల్యాబ్‌లో టైట్రేషన్ (పులుపు ఎంతుందో కొలిచే పరీక్ష) చేసింది. నాకు వీడియో కాల్‌లో చూపించింది. వెనిగర్‌లో నీళ్ళు కలిపి పదింతలు చేసి, రంగు మారి చూపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ అనే గీతల గొట్టంలోంచి పులుపుని విరిచే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం (0.1 నార్మల్ బలం) చుక్క చుక్కగా వదులుతుంటే గులాబీ రంగు వచ్చి పోతోంది, వచ్చి పోతోంది, ఒక చుక్కకి వచ్చి నిలిచిపోయింది. నా వెనిగర్ ఒక మిల్లీలీటరుకి ఆ ద్రావణం 8.1 మిల్లీలీటర్లు పట్టింది. ద్రావణం ఒక్కో మిల్లీలీటరు 0.006 గ్రాముల ఎసిటిక్ యాసిడ్‌కి లెక్క, గుణిస్తే 0.0486 గ్రాములు, అంటే 4.86 శాతం. మన దేశంలో పులియబెట్టిన వెనిగర్‌కి కనీసం 3.75 ఉండాలని నిబంధన. నేను ఫోన్ పట్టుకునే వెళ్ళి మావయ్యగారికి చెప్పాను. ఆయనకి శాతాలు పట్టలేదు, ఒక చెంచా ఇమ్మన్నారు, నీళ్ళలో కలిపి తాగి, “జీడిపండు వాసన ఉందమ్మా” అన్నారు. నిజంగానే ఉంది, చివర్లో లీలగా.

ఇక జాడీలో ఉంచకూడదు, ఆల్కహాల్ అయిపోయాక ఆ బాక్టీరియా పులుపునే తినడం మొదలుపెడుతుంది. నూలుగుడ్డలో వడకట్టి, ఎనామెల్ గిన్నెలో 65 డిగ్రీలకి వేడి చేసి పది నిమిషాలు ఉంచి, గాజు సీసాల్లో గాలి మిగలకుండా మూతి దాకా పోశాను. తొమ్మిది సీసాలు. కొంత ఆవిరైపోయింది. రెండు ఆడపడుచుకి, ఒకటి కోడలుపిల్ల లెక్చరర్‌కి, ఒకటి నాకు ఉల్లిపాయలు ఇచ్చే కూరగాయల అమ్మకి, మిగతావి ఇంట్లో.

తల్లి పొరని పారేయలేదు. వేడి చేయని వెనిగర్ అర లీటరు పక్కన తీసి, పొరని అందులో వేసి, గుడ్డ కట్టి వంటింటి అటక మీద పెట్టాను. ఈసారి నలభై కిలోల పళ్ళు పెడదామని మావయ్యగారు అప్పుడే ఇంకో జాడీ చూసి ఉంచారు.