డాలరుకు డాలరు

అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన కాలేజీల ప్రస్తావన వస్తే అందరం అక్కడ చదివిన ప్రముఖుల పేర్లు చెప్పేసి ఊరుకుంటాం. ముందు వాటి పద్దులు చూడాలి.

1890 మోరిల్ చట్టం రాష్ట్రాలకు ఒకటే చెప్పింది: ప్రభుత్వ వ్యవసాయ కాలేజీలో నల్లవాళ్లను చేర్చుకోండి, లేదా వాళ్లకు వేరే కాలేజీ చూపండి. దక్షిణాది రెండోదే ఎంచుకుంది, డబ్బు దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టింది. ఈ కాలేజీల వ్యవసాయ పరిశోధనకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్రతి డాలరుకూ రాష్ట్రం ఇంకో డాలరు కలపాలి. కుదరదంటే సగం దాకా మినహాయింపు దొరుకుతుంది. అక్కడే గండి పడుతుంది. ల్యాబ్ ఆగుతుంది, కొత్త అధ్యాపకుడి నియామకం ఆగుతుంది. 2023లో 16 రాష్ట్రాల గవర్నర్లకు వెళ్లిన ఫెడరల్ లేఖల ప్రకారం, 1862 నాటి మొదటి మోరిల్ చట్టం కింద వచ్చిన, ఎక్కువగా తెల్లవాళ్లు చదివిన యూనివర్సిటీలతో సమానంగా ఒక్కో విద్యార్థికి నిధులు ఇచ్చి ఉంటే 30 ఏళ్లలో ఈ కాలేజీలకు మరో 1,200 కోట్ల డాలర్లకు పైగా అందేవి. ఒక్క టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీకే సుమారు 210 కోట్లు. ఇది బాకీ. దయాదాక్షిణ్యం కాదు.

ఈ కాలేజీల్లో ఒకటైన నార్త్ కరోలినా ఏ అండ్ టీ నుంచే 1960 ఫిబ్రవరి 1న నలుగురు విద్యార్థులు గ్రీన్స్‌బరో ఊళ్లోని వూల్‌వర్త్ అనే దుకాణానికి వెళ్లారు. ముందు టూత్‌పేస్టు లాంటివి కొని రసీదు ఉంచుకున్నారు, తర్వాత తెల్లవాళ్లకే పరిమితమైన లంచ్ కౌంటర్లో కూర్చుని కాఫీ అడిగారు. పక్క కౌంటర్లో మా డబ్బు తీసుకున్నారు కదా, ఇక్కడెందుకు తీసుకోరని నిలదీయడానికి ఆ రసీదే సాక్ష్యం.